జీపు కన్నా బరువైన ట్రాలీ

ఉస్తాద్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను ఒక స్టీలు ట్యాంకు లోపల ఉన్నాను. పొద్దున పదిన్నర అయింది. లోపలి అతుకులు చూడటానికి టార్చిలైటు పట్టుకుని దిగాను. జేబులో ఫోను మోగింది. ట్యాంకులోకి దిగినవాడు ఫోను ఎత్తకూడదని మా దగ్గర రూలు. మూడుసార్లు మోగి ఆగిపోయింది. నేను చూడవలసిన అతుకు చివరిదాకా చూసి, అనుమానం ఉన్న రెండు చోట్ల చాక్‌పీసుతో సున్నాలు చుట్టి, నిచ్చెన ఎక్కి బయటికి వచ్చి అప్పుడు ఫోను తీశాను. చేసింది భాభీ, ఉస్తాద్ భార్య. తిరిగి చేస్తే ఆమె ఏడవడం లేదు. "పోయిన్రు తమ్మీ. పగటి జొహర్ నమాజ్ అయినంక తీస్కపోతరట. జల్దీ రా," అన్నది. ఆ రెండు సున్నాలు చుట్టడానికి ఎందుకు ఆగానా అని నన్ను నేను ఇంకా తిట్టుకుంటూనే ఉన్నాను. ఆగకపోయినా చేసేదేమీ లేదని నాకు తెలుసు.

మీలో ఎవరికీ ఆయన తెలియరు. తెలిసే దారి కూడా లేదు. సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల మందుల కంపెనీల్లో రియాక్టర్లని పెద్ద పెద్ద స్టీలు పాత్రలు ఉంటాయి. మందులు వాటిలోనే ఉడుకుతాయి. ఆ పాత్రలు తయారుచేసే షెడ్డు ఒకదానిలో ఆయన ముప్పై ఏళ్ళు వెల్డింగ్ చేశారు. మీరు ఎప్పుడో జ్వరానికి వేసుకున్న బిళ్ళ ఆయన అతికిన పాత్రలో ఉడికిందే అయి ఉండవచ్చు. యజమానితో సహా అందరం ఉస్తాద్ అనే పిలిచేవాళ్ళం. నేను అదే షెడ్డులో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. ఆయన పనిలో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఇరవై ఏళ్ళు వెతికాను. దొరికినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అవీ కరెంటు పోయి వచ్చిన రోజులవే.

ఆయనకు కొన్ని అలవాట్లు ఉండేవి. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు సబ్బుతో చేతులు కడుక్కునేవారు. అంత మసి పనికి చేతులు కడుక్కుని కూర్చునే మనిషిని నేను మరొకరిని చూడలేదు. చాయ్ సాసర్‌లో పోసుకుని, సగం తాగి, మిగతా సగం చల్లారిపోయాక "అరె, ఉండె గదా" అని తాగేవారు. అతుకు పూర్తయ్యాక వేలి కణుపుతో దాని మీద ఒకసారి కొట్టి, చెవి పెట్టి వినేవారు. ఏం వినపడుతుందో నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఎవరైనా కుర్ర వెల్డర్ పనిని చూపించి "నడుస్తది ఉస్తాద్" అన్నాడా, ఇక వాడి పని అయిపోయినట్టే. "నడుస్తది అంటే ఏంది? నడిచేది మనిషి. అతుకు నడవొద్దు, ఆగాలె," అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు, నన్ను ఓరకంట చూస్తూ: "ఇన్‌స్పెక్టర్ సాబ్ చూడని దిక్కే ఇంకింత మంచిగ అతకాలె. చూసే దిక్కు ఎట్లయినా ఆయన చూసుకుంటడు."

మా ఇద్దరి మధ్య ఒక పద్ధతి ఉండేది. అది మా షెడ్డులో అందరికీ ఉన్న పద్ధతే. పని నడుస్తుండగా ఇన్‌స్పెక్టర్ నోరు తెరవకూడదు. వెల్డర్ లేచి, ముసుగు తీసి, "చూసుకో సాబ్" అన్నాకే నా వంతు. ఎర్రరంగు మందు పూసి, తుడిచి, తెల్లమందు కొడతాను. పగులు ఉంటే తెలుపు మీద ఎర్రటి గీత తేలుతుంది. ఉంటే సున్నా చుడతాను, లేకపోతే సంతకం పెడతాను. మధ్యలో మాట్లాడితే చెయ్యి బెదురుతుందని, బెదిరిన చేతితో పెట్టిన అతుకు నిలవదని పెద్దల కాలం నుంచీ వస్తున్న మాట. ఈ పద్ధతిని నేను బాగా గౌరవించాను. ఇప్పుడు దాని మీదే నాకు కోపం.

ఆయనకు ఉన్న ఒకే ఒక పిచ్చి జీపు. ఎక్కడో వేలంలో కొన్న ముసలి జీపుకు ఇంజను మార్చారు, స్ప్రింగులు మార్చారు, పెద్ద పెద్ద టైర్లు తొడిగారు. ఆ టైర్లు చూస్తే ట్రాక్టరుకు మేనల్లుళ్ళలా ఉండేవి. ఆదివారం పొద్దున ఫజర్ నమాజు కాగానే ఆయన జీపు తీసేవారు, నేను పక్కన కూర్చునేవాణ్ణి. బొంతపల్లి దాటాక ఒక పాత కంకర క్వారీ ఉంది. ఎప్పుడో వదిలేసినది. దాని వెనక గుట్ట మీదికి లారీలు తిరిగిన దారి కొట్టుకుపోయి రాళ్ళూ గోతులే మిగిలాయి. ఆ దారిలో ఆయన జీపు ఎక్కించేవారు. ఒక్కో చక్రం ఒక్కో రాయి మీద, తలుపులు లేని బండిలో నేను ప్రాణాలు పిడికిట్లో పెట్టుకుని. పైకి చేరాక ఇంజను ఆపి, బానెట్ మీద అరగంట కూర్చునేవారు.

భాభీ ఒకసారి అడిగింది, నా ముందే. "ఆ గుట్ట మీద ఏమున్నదని పోతరు ప్రతి వారం?"

"ఏం లేదు. గాలి ఉన్నది," అన్నారు ఆయన.

మా ప్రాంతం వాళ్ళకు ఆ మాట విడమరచి చెప్పనవసరం లేదు. మిగతావాళ్ళకు చెప్తున్నాను. మా ఊళ్ళ మీద గాలికి ఎప్పుడూ కంపెనీల నుంచి వచ్చే ఒక వాసన ఉంటుంది. వాన పడే ముందు ఒక రకం, పడ్డాక ఇంకో రకం. ఆ గుట్ట మీద మాత్రం, ఎందుకోగానీ, ఉండేది కాదు. ముప్పై ఏళ్ళు మూసిన పాత్రల లోపల కూర్చుని స్టీలు పొగ పీల్చిన మనిషి వారానికి అరగంట అక్కడికి వెళ్ళి ఊపిరి తీసుకుని వచ్చేవారు. అంతకు మించి ఆయనకు ఏ కోరికా లేదు. నేను చెప్పబోయేది ఆ అరగంట గురించే.

రెండేళ్ళ కింద దగ్గు మొదలైంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని, అవి మళ్ళీ మెత్తబడటం జరగదని డాక్టరు చెప్పాడు. ఉద్యోగం మానేశారు. మేడ మెట్లు ఎక్కడం కష్టమైంది, తర్వాత వీధి చివరి దాకా నడవడం కష్టమైంది. అదే సమయంలో జీపుకూ కష్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయింది. రవాణా ఆఫీసులో చూపిస్తే కాగితంలో ఉన్న బండికీ, ఎదురుగా ఉన్న బండికీ నంబరు ప్లేటు తప్ప ఏమీ కలవడం లేదన్నారు. నిజమే కదా. ఒకసారి రోడ్డు మీద పోలీసులు ఆపి, ముసలాయన ఆయాసం చూసి జాలిపడి వదిలేశారు. ఇంకోసారి కనబడితే బండి మాది అన్నారు. అలా జీపు పోతిరెడ్డిపల్లిలో ఆయన ఇంటి పక్క ఖాళీ ప్లాటులో కవరు కింద నిలబడిపోయింది.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఆయన ప్లాటులో చాక్‌పీసుతో నేల మీద గీతలు గీస్తున్నారు. జీపు చుట్టూ గీసి, చక్రాల దగ్గర గుర్తులు పెట్టుకుంటున్నారు.

"ఏంది ఉస్తాద్ ఇది?"

"ట్రాలీ కడుతున్న. జీపు రోడ్డు మీద నడవొద్దన్నరు, ట్రాలీ మీద కూసోవద్దని అనలే గదా? పికప్ వెనక టోచన్ కట్టి గుంజుకుంట క్వారీ దాక పోదాం. ఆడ దించుకొని నేనే ఎక్కిస్త. ఒక్కసారి చాలు తమ్మీ. డాక్టర్ ఏమన్నడో నీకు ఎరికే."

"గంత కష్టమెందుకు ఉస్తాద్? కార్లు మోసే బండి కిరాయికి మాట్లాడుకుందాం."

ఆయన నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. "ముప్పై ఏండ్లు ఊరందరికి అతికిన. నా బండికి నేను అతుక్కోలేనా?" అన్నారు. ఆ మాటకు నేను తల వంచాను. ఆ రోజే ఫోను తీసి ఏ కిరాయి బండికైనా చేసి ఉంటే, మరుసటి ఆదివారానికి ఆయన ఆ గుట్ట మీద ఉండేవారు.

ఇక పని మొదలైంది. మా షెడ్డు పక్క పాత ఇనుము దుకాణం నుంచి రియాక్టర్లకు వాడగా మిగిలిన ప్లేటు ముక్కలు తెప్పించారు. నిండు మందం, మంచి సరుకు. చేయి పెట్టి నిమిరి, "సూడు, ఎంత సాఫ్ ఉన్నదో" అని మురిసిపోయారు. రోజుకు రెండు గంటలు పని, మధ్య మధ్య మంచం మీద పడుకోవడం. ఆదివారాలు నేను నా ఎర్రమందు, తెల్లమందు డబ్బాలు పట్టుకుని వెళ్ళేవాణ్ణి. ఆయన వారమంతా పెట్టిన అతుకులను ఆ రోజు పరీక్షించేవాళ్ళం. రెండు చుక్కలు పెడితే సరిపోయే చోట ఆయన చుట్టూ నిండుగా అతికేవారు, లోపల ఒకసారి, బయట ఒకసారి. జీపు చక్రాలు కూర్చోవడానికి రెండు పొడవాటి తొట్ల లాంటివి చేశారు, చక్రం జారకుండా నాలుగు వైపులా అంచుతో. ఆ అంచు మూలలు కూడా పూర్తిగా మూసేశారు. నేను పూసి, తుడిచి, తెల్లమందు కొట్టి, మోకాళ్ళ మీద కూర్చుని చూసేవాణ్ణి. ఎర్ర గీత ఎక్కడా తేలలేదు. ఆయన కుర్చీలో కూర్చుని, "ఏం సాబ్, సంతకం పెడతవా?" అనేవారు. ఆ నాలుగు నెలల ఆదివారాలు మేమిద్దరం సంతోషంగా ఉన్నాం. అంత సంతోషం మళ్ళీ నాకు దొరకదు.

దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. "ఏం ట్యాంకు కడుతున్నరు చాచా?" అని ఒకాయన అడిగాడు. మేము నవ్వుకున్నాం. అప్పుడైనా నవ్వు మానేసి ఆలోచించి ఉండవలసింది.

మూడో నెలలో అడుగు భాగం అతకడానికి దాన్ని బోర్లా తిప్పాలి. పక్క బిల్డింగు కడుతున్న బీహారు కూలీలను ఎనిమిది మందిని పిలిచాం. ఎనిమిది మందీ రొప్పారు. వాళ్ళలో ఒకడు చెమట తుడుచుకుంటూ, "చాచా, ఇస్‌మే పత్థర్ భరే హై క్యా?" అన్నాడు, దీంట్లో రాళ్ళు నింపారా అని. అప్పుడు నా మనసులో ఒక లెక్క కదిలింది. ప్లేటు మందం, పొడవు, వెడల్పు. ఇన్‌స్పెక్టరుకు అది నోటి లెక్క. సగం దాకా చేసి ఆపేశాను. ఎందుకంటే ఉస్తాద్ ముసుగు వేసుకుని కూర్చున్నారు. పని నడుస్తోంది. పని నడుస్తుండగా నేను మాట్లాడను.

అన్నీ పూర్తయ్యాయి. చక్రాలు బిగించారు. జీపు ఎక్కించి ముందుకీ వెనక్కీ జరిపి, ముందు హుక్కు మీద ఎంత బరువు పడాలో చూసుకున్నారు. మాకు తెలిసిన పికప్ డ్రైవర్ ఒకతను వచ్చాడు, ఉస్తాద్ అంటే ప్రాణం పెట్టే మనిషి. హుక్కు తగిలించి, స్టార్ట్ చేసి, గేరు వేశాడు. పికప్ వెనక భాగం కుంగింది, ముందు చక్రాలు తేలినట్టయ్యాయి. క్లచ్చు కాలిన వాసన వచ్చింది. ట్రాలీ మాత్రం అంగుళం కదలలేదు. జీపు దించేసి ఖాళీ ట్రాలీతో లాగాడు. మొదటి గేరులో మూలుగుతూ మెయిన్ రోడ్డు మీది లారీ కాంటా దాకా తీసుకెళ్ళాడు. నేను వెనక నడుచుకుంటూ వెళ్ళాను. అంత నిదానంగా పోయింది.

జీపు బరువు కాగితాల ప్రకారం పదకొండు క్వింటాళ్ళు. కాంటా మీద ఖాళీ ట్రాలీ పదమూడు చూపించింది.

డ్రైవర్ చీటీ తెచ్చి ఉస్తాద్ చేతిలో పెట్టాడు. "ఉస్తాద్, గిది ట్రాలీనా, బ్రిడ్జా?" అన్నాడు. హాస్యానికే అన్నాడు పాపం. ఉస్తాద్ చీటీ రెండుసార్లు చదివారు. తర్వాత నా వైపు చూసి నవ్వారు. "తమ్మీ, మన షెడ్డుల బరువు సంగతి క్రేను చూసుకుంటది గదా. మనమెన్నడు చూసినం?" అన్నారు. ఆ నవ్వు దగ్గులోకి మారి, చాలాసేపు తెగలేదు.

అదీ మేము చేసిన తప్పు. మా షెడ్డులో పాత్ర ఎంత బరువైనా తల మీద క్రేను ఉంటుంది, బయటికి మోసుకుపోవడానికి ఎవరిదో పెద్ద లారీ వస్తుంది. లీకు కాకూడదు, పగలకూడదు, అదొక్కటే మా బతుకు. ముప్పై ఏళ్ళు ఆయన అదే చేశారు, ఇరవై ఏళ్ళు నేను అదే చూశాను. మోయడానికి కట్టే వస్తువు తేలిగ్గా ఉండాలని ఇద్దరికీ తట్టలేదు. కాదు, అబద్ధం రాయను. నాకు తట్టింది, ఆ కూలీలు రొప్పిన రోజున. నేను నోరు తెరవలేదు. మూడో నెలలో చెప్పి ఉంటే సగం పని తప్పేది. ఆయన ఊపిరి సగం మిగిలేది.

ఆ తర్వాత కోసే పని. చక్రాల తొట్లు రెండూ ఉంచి, మధ్య ప్లేటు, పక్క ప్లేట్లు అన్నీ కోసి తీసేసి, వాటి స్థానంలో పల్చటి ఇనుప చానల్ కమ్మీలు వేయాలి. ఈసారి కూడా కిరాయి బండి మాట ఎత్తాను, గట్టిగానే ఎత్తాను. ఆయన మొహం అటు తిప్పుకుని కూర్చున్నారు. అప్పటికి ముక్కుకు ఆక్సిజన్ గొట్టం వచ్చింది. నిప్పురవ్వల దగ్గరికి ఆయన రాకూడదు. కాబట్టి కోయడం, అతకడం నా మీద పడ్డాయి. జీవితమంతా ఇతరుల అతుకులకు వంకలు పెట్టినవాణ్ణి ఆ వయసులో ముసుగు తొడుక్కున్నాను.

ఆయన దూరంగా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు, వెనక ఆక్సిజన్ మిషను గురగురమంటూ ఉండేది. అరవడానికి ఊపిరి లేదు. కుర్చీ చెయ్యి మీద స్పానరుతో కొట్టేవారు. ఒక దెబ్బ కొడితే ఆపమని, రెండు కొడితే కానిమ్మని. మొదటి రోజు మొత్తం ఒక దెబ్బలే. నేను ముసుగు తీసి చూస్తే, గాలిలో వేలితో సున్నా చుట్టి చూపించేవారు. అక్కడ రంధ్రం ఉందని. అంత దూరం నుంచి ఎలా కనబడేదో. వెళ్ళి చూస్తే ఉండేది. గ్రైండరు పెట్టి తీసేసి మళ్ళీ అతికేవాణ్ణి. భాభీ తలుపు చాటు నుంచి, "ఇగ చాలు తియ్యున్రి, ఆయనకు పరేషాన్ అయితున్నది," అనేది. ఆయన రెండు దెబ్బలు కొట్టేవారు.

అలా ఏడు వారాలు. ఒకరోజు నేను ముందు రాడ్డు దగ్గర ఒక అతుకు పెట్టాను. బాగా రాలేదు. నాకే తెలుస్తోంది, గుడ్డలకు వేసిన టాకాలా ఉంది. లేచి, ముసుగు తీసి, సున్నా కోసం ఆయన వైపు చూశాను. ఆయన స్పానరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నాకు పెదవులు కదలడం కనబడేలా నిదానంగా అన్నారు. "నడుస్తది తమ్మీ."

నేను గోడ అవతలికి వెళ్ళి ఏడ్చాను. వచ్చి ఆ అతుకు తీసేసి మళ్ళీ పెట్టాను. ఆయన అప్పటికే కళ్ళు మూసుకున్నారు.

ట్రాలీ పూర్తయింది. వెనక లైట్ల వైరింగు ఆయనే ఒళ్ళో పెట్టుకుని చేశారు, దానికి ఊపిరి అక్కర్లేదు కదా. కాంటా వేస్తే ఆరు క్వింటాళ్ళు. పికప్ అతను జీపుతో సహా వీధి చుట్టూ తిప్పి చూపించాడు. ఊగలేదు, గుంజలేదు. ఉస్తాద్ గుమ్మంలోంచి చూశారు. "ఆదివారం పోదాం," అన్నారు. శనివారం వాన పడింది. ఆదివారం తెల్లవారి వెళ్ళి, గుట్ట తడిగా ఉంటుంది, రాళ్ళు జారతాయి, వచ్చే వారం పోదామని చెప్పాను. "జారే జాగల కోసమే గదా తమ్మీ జీపు ఉన్నది," అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇన్‌స్పెక్టర్ని కదా, అన్నీ చూసుకోవాలి. బుధవారం ఆయనను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తొమ్మిది రోజులు. ఇక మా చేతిలో ఏమీ లేదు, ఇంటికి తీసుకుపోండి అన్నారు. ఇంటికి వచ్చిన మర్నాడు నేను ట్యాంకు లోపల ఉన్నాను.

ఇలాంటివి రాసేవాళ్ళు చివరకు ఆ మనిషి నుంచి ఏం నేర్చుకున్నామో చెబుతారు. నాకు చెప్పడానికి ఏమీ లేదు. పని నడుస్తున్నా నోరు తెరవాలని నేర్చుకున్నాను, కానీ ఎవరి కోసం తెరవాలో ఆ మనిషి లేరు. ఆయన అడిగింది అరగంట గాలి. మేము అర ఏడాది ఖర్చుపెట్టి, గుట్ట దాకా వెళ్ళగలిగే ఊపిరిని కాస్తా ఆ ట్రాలీ మీదే అరగదీశాం.

పదిహేను రోజులకు ప్లాటు వాళ్ళు ఇల్లు మొదలుపెడుతున్నామని, జీపు తీసేయమని కబురు పంపారు. భాభీ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాళ్ళ కంట పడకూడదు. తలుపు వెనక నుంచే మాట్లాడింది. "ఇచ్చేయ్ తమ్మీ. ఎవరు నడుపుతరు దాన్ని?" కాగితాలు లేని బండిని నడిపేవాళ్ళెవరూ కొనరు, విడగొట్టేవాళ్ళే కొంటారు. పటాన్‌చెరులో అలాంటి దుకాణం ఉంది. జీపును ట్రాలీ మీద ఎక్కించి, చక్రాలకు బెల్టులు బిగించి తీసుకెళ్ళాం. ఆ ట్రాలీ చేసిన ప్రయాణం అదొక్కటే. బాగా నడిచింది. డ్రైవర్ మధ్యలో ఒకసారి, "అన్నా, క్వారీ దిక్కు మళ్ళించాల్నా? జెరసేపు ఆడ నిలబెట్టుకొని వద్దాం," అన్నాడు. వద్దన్నాను. ఆయన లేకుండా అక్కడికి జీపును తీసుకెళ్ళి ఏం చేయాలి? దుకాణం వాళ్ళు జీపు దించుకున్నారు. మేము గేటు దాటకముందే గ్యాస్ కట్టర్ వెలిగించిన చప్పుడు వినపడింది. నేను వెనక్కి తిరగలేదు.

ట్రాలీని కూడా అడిగారు. ఇవ్వలేదు. తెచ్చి భాభీ ఇంటి గోడ పక్కన నిలబెట్టాను. 

ఆ తర్వాత వానలు బాగా పడ్డాయి. మొన్న ఆదివారం ఇంటికి సామాను తెచ్చి ఇస్తే భాభీ తలుపు వెనక నుంచి చెప్పింది. "తమ్మీ, ట్రాలీల నీళ్ళు నిలిచి దోమలు అయితున్నయి. వాన పోయి వారమైంది, నీళ్ళు ఒక్క చుక్క తగ్గలే. జెర బొక్క కొట్టు."

వెళ్ళి చూశాను. జీపు చక్రాలు కూర్చోవలసిన రెండు తొట్లలోనూ అంచు దాకా నీళ్ళున్నాయి. అలవాటు కొద్దీ మోకాళ్ళ మీద కూర్చుని తొట్ల కింది వైపున చేయి పెట్టి నిమిరాను. మూలలు, అంచులు, మొత్తం. ఎక్కడా తడి లేదు. ఇంట్లోంచి వైరు లాగి డ్రిల్లు పెట్టాను. ఆయన అతుకు మీద పెట్టడానికి చేయి రాలేదు, పక్కన ప్లేటు మీద పెట్టాను. మందం ప్లేటు, దిగడానికి చాలాసేపు పట్టింది. దిగాక సన్నటి ధార కట్టి నీళ్ళు కింద పడటం మొదలయ్యాయి. రెండో తొట్టికీ పెట్టాను. తలుపు వెనక భాభీ నిలబడే ఉందని తెలుస్తోంది.  నీళ్ళు గోడ వెంట పారి, గేటు కింద నుంచి వీధిలోకి పోయాయి. రెండు ధారలూ సన్నబడి, చుక్కలై, ఆగిపోయేదాకా నేను అక్కడే నిలబడ్డాను.